నంద్యాల నుంచి మద్రాసు దాకా ఒకే సాలు

ఆదివారం పొద్దున పదిన్నర. సింగపూరులోని టోవా పాయోలో ఓ అపార్టుమెంటు బ్లాకు కింద, చదరంగం గళ్లు గీసిన రాతి బల్ల దగ్గర మద్దిలేటి కూర్చున్నాడు. ఎదురుగా ఫోను వెల్లకిలా పెట్టుకున్నాడు. నంద్యాల దగ్గర అతని చేలో జొన్న విత్తి ఆ రోజుకు ఎనిమిది రోజులు. మొలక సాళ్లు కట్టి కనపడే రోజు. ఫొటో పంపుతానని భార్య సుంకులమ్మ చెప్పింది. ఈ ఏడు విత్తనానికి నువ్వు రావొద్దని కూడా ఆమే చెప్పింది. ఆ రెండో మాట అతను ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఎదురుగా అబ్దుల్ రహీం. సైన్స్ పార్కులో ఉద్యోగం, పుట్టి పెరిగింది హైదరాబాదు. పక్కన లీలావతి, కూతురింటికి వచ్చిన బనగానపల్లె మనిషి. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

మద్దిలేటి ఫోను తీసి చూశాడు. పెట్టాడు. మళ్లీ తీశాడు.

"టైం పడుతుందిలే అన్నా," అన్నాడు రహీం. "అయినా విత్తడమంటే ఎంత పని? సంచి పట్టుకుని చల్లుకుంటూ పోవడమేగా?"

మద్దిలేటి టీ కప్పు పక్కకు జరిపాడు.

"చల్లడమా? జొన్నను గొర్రుతో విత్తుతారు భాయ్. నాలుగు కాళ్ల గొర్రు. ఒక్కో కాలికి ఒక వెదురు బొంగు, బొంగులన్నీ పైన ఒక చెక్క గిన్నెలో కలుస్తాయి, దాన్ని జడ్డిగం అంటాం. ముందర ఎద్దులు పోతాంటాయి, గిన్నెలో గింజలు పోస్తే బొంగుల్లోంచి జారి నాలుగు సాళ్లలో పడతాయి. ఎద్దుల్ని తోలుతూ గొర్రును వంకర పోకుండా పట్టేది మగతనం. పోయినేడు ఒక్క కాడితో, పొద్దు తిరక్క ముందే, ఐదెకరాలు విత్తినా. ఊర్లో ఎవుర్నన్నా అడుగు."

"ఐదంటే ఎక్కువే," అంది లీలావతి తలెత్తకుండా. "విత్తేవాళ్లు లేకపోలేదులే."

"విను పెద్దమ్మా, అసలు కత ఇంకా ఉంది. ఐదు అయిపోయినాక తూర్పున నల్లమల మీద మబ్బు లేచింది. విత్తిన చేలో అప్పుడే వాన కొడితే పైన మట్టి పెచ్చు కడుతుంది, మొలక లేవదు. నాకా, మర్నాడు మద్రాసులో విమానం. ఎద్దుల్ని అదిలించినా. పన్నెండు ఎకరాలు! పక్క చేను వాళ్లది కూడా నేనే విత్తేసినా, నా గొర్రు ఆగలా. ఎద్దులు అలిసి పడుకున్నాయి. అప్పుడు నేనేం చేసి ఉంటానో చెప్పు చూద్దాం?"

"ట్రాక్టర్ పిలిచావు," అన్నాడు రహీం.

"ట్రాక్టరా? కాడి నా మెడ మీద ఏసుకున్నా."

"కెనాట్ లా, అది కుదరదు అన్నా!"

"ఎందుకు కాదు? షిప్‌యార్డులో నేను తాళ్లు కట్టే ఇనుప పలకల బరువు నీకేం తెలుసు? కాడి ఏసుకుని పరిగెత్తినా. నలభై ఎకరాలు. గొర్రు కొనల ఇనుము ఎర్రగా కాలిపోయింది, నేలలో పదును పొగలై లేస్తాంది. వెనక్కి తిరిగి చూస్తే తెల్లగా ఏందో ఎగురుతాంది. ఏందనుకున్నావు? పేలాలు! ఆ వేడికి జొన్నలు సాలులో పడకముందే పేలాలైపోతాన్నాయి. ఊరి పిల్లకాయలంతా చొక్కా ఒడి పట్టుకుని నా వెనకాలే."

రహీం టీ మింగలేక దగ్గాడు. మద్దిలేటి నవ్వలేదు. ఫోను వెలిగిందేమోనని చూశాడు. వెలగలేదు. గొంతు ఇంకా పెంచాడు.

"కొంచెం నిదానించినా, గింజలు మళ్లీ గింజలైనాయి. కానీ కాళ్లు నిలబడితేగా? కుందూ నది అడ్డమొచ్చింది, దాని అడుగున కూడా నాలుగు సాళ్లు ఏసినా. నీళ్లు పక్కకు తప్పుకున్నాయి. కడప దాటినా, తిరపతి దాటినా, కొండ కింద ఒక దండం పెట్టి ఆగకుండా పోయినా. మబ్బు వెనకాల ఆయాసపడుతా వస్తాంది. మద్రాసులో రన్‌వే మీదికి గొర్రుతోనే ఎక్కినా. విమానం మెట్లకాడ కాడి దించి, చేతులు దులుపుకుని, పోయి సీట్లో కూర్చున్నా. పైనుంచి కిటికీలో చూస్తే కనపడింది భాయ్, నంద్యాల నుంచి మద్రాసు దాకా ఒకే సాలు. దారం పట్టి గీసినట్టు."

లీలావతి చేతిలోని చిక్కుడుకాయ గిన్నెలో వేసింది.

"మద్దిలేటీ, అంత దూరం పరిగెత్తినావు గదా. జడ్డిగంలో గింజలు పోసిందెవరు?"

"ఎవరంటే... ఇంటామె."

"సుంకులమ్మేనా? ఆమె కూడా నీతో సమానంగా మద్రాసు దాకా పరిగెత్తిందా? నేను ముప్పై ఏళ్లు గొర్రు వెనక గింజలు పోసినా నాయనా. ఒళ్లో విత్తనం మూట, అడుగుకింత, పిడికిలి సందులోంచి వదలాల. ఎద్దులు ఉరికితే మేము వెనకపడతాం. గొర్రు పోతానే ఉంటుంది, గిన్నె ఖాళీ. అది ఆ రోజు కనపడదు. ఎనిమిదో దినం కనపడుతుంది."

మద్దిలేటి రాతి బల్ల మీద నల్ల గడిని వేలితో రుద్దాడు.

"ఆగు, ఆగు అంటానే ఉండింది పెద్దమ్మా," అన్నాడు. "మబ్బు లేదు, ఏమీ లేదు. విమానం ఉంది, అంతే. ఐదెకరాల్లో రెండు బోసిపోయినాయి. నేను ఇక్కడికొచ్చి దిగినాక ఫొటో పంపింది. ఒక్క మాట కూడా అనలా. ఈ ఏడు మాత్రం రావొద్దనింది."

అప్పుడు ఫోను మోగింది. వాట్సాప్. మద్దిలేటి దాన్ని చూశాడు గాని ముట్టుకోలేదు. లీలావతి వైపు జరిపాడు. ఆమె చీర కొంగుతో వేళ్లు తుడుచుకుని ఫొటో తెరిచింది. దగ్గరికి, దూరానికి పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో జరుపుతూ చూసింది. నల్ల నేల మీద పచ్చటి గీతలు. ఆమె కింద ఉన్న వాయిస్ మెసేజ్ నొక్కింది.

"చూసినావా? ఒక్క సాలూ తప్పలా," సుంకులమ్మ గొంతు. వెనక ఎక్కడో కోడి కూస్తోంది. "మా తమ్ముడు నిదానంగా తోలినాడు, నేను పోసినా. వచ్చేయేడు నువ్వే రా. తిరిగిపోయే టికెట్టు మాత్రం విత్తిన వారం దాటినాకే తీసుకో."

మద్దిలేటి ఫోను తీసుకుని ఆ మాట ఇంకోసారి విన్నాడు. తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చాడు.

"అదీ! ఆ తమ్ముడికి గొర్రు పట్టడం నేర్పింది..."

"అన్నా," అన్నాడు రహీం. "మరి ఆ మద్రాసు సాలు?"

మద్దిలేటి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగాడు.

"అది మొలవలేదు భాయ్."