ఏడు టీవీల మీద ఒక ఆసుపత్రి

లిఫ్టు బాబాయ్ ఎప్పుడూ చిన్న మాటతోనే మొదలుపెడతాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది.

ముప్ఫై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు. సాయంత్రం ఐదయ్యేసరికి పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, నా జిరాక్సు షాపు పక్కనున్న టీకొట్టుకి వస్తాడు. బల్ల చివర కూర్చుని రెండు గుక్కలు తాగేదాకా నోరు విప్పడు. మూడో గుక్క పడిందంటే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. ఆయన చెప్పేది నిజం కాదని మా అందరికీ తెలుసు. అయినా ఆయన రాని రోజు టీ చప్పగా ఉంటుంది.

ఆ రోజు మిషన్లో కాగితం ఇరుక్కుంటే విసిగిపోయి బయటికొచ్చాను. బల్ల మీద లెక్కల మాస్టారు కూర్చుని ఉన్నారు. రిటైరై ఆరేళ్లయినా సుద్దపొడి అంటిందన్నట్టు వేళ్లు దులుపుకుంటూనే ఉంటారాయన. బాబాయ్ మూడో గుక్క తాగాడు.

"రెణ్ణెల్ల కిందట ఒక ఆదివారం చిన్న పని ఒకటి చేశాలెండి. మా మేనకోడలి లాప్‌టాప్‌కి టీవీ తగిలించా. అంతే. పెద్ద విశేషమేం కాదు."

"పెద్ద విశేషం కాదన్నావంటే ఇవాళ నేను ఏడింటికి గానీ కొట్టు కట్టను" అంది టీకొట్టు అక్క, పాలగిన్నె కింద మంట తగ్గిస్తూ.

"అది కాదమ్మా, పూర్తిగా విను. మా అక్క కూతురు బిల్డింగుల ప్లాన్లు గీస్తుంది కదా, కంపెనీలో చేరి రెండేళ్లయింది, ఇన్నాళ్లూ పెద్దవాళ్లు గీసినవాటికి మెరుగులు దిద్దడమే తన పని. మొదటిసారి ఒక ఆసుపత్రి మొత్తం తన చేతికిచ్చారు. నాలుగంతస్తులు. సోమవారం పదింటికి డాక్టర్ల ముందు పెట్టాలి. వాళ్లు బాగుందంటే ఇక తన పేరు మీద పని, బాలేదంటే మళ్లీ పాత బల్ల, పాత మెరుగులు. ఆదివారం పొద్దున్నే మా అక్క ఫోను. 'ఒరేయ్ తమ్ముడూ, పిల్ల తిండి మానేసిందిరా, అరచేతంత తెర, అందులో ఒక పక్క ప్లాను, ఒక పక్క కొలతల పట్టిక, ఇది తీస్తే అది దాక్కుంటోంది, అది తీస్తే ఇది దాక్కుంటోంది, కళ్లు మిరపకాయలయ్యాయి' అని. వాళ్లింట్లో టీవీ లేదు. నేనేం చేశా? మా గోడ మీద టీవీ ఊడదీశా, దుప్పట్లో చుట్టా, చంకలో పెట్టుకుని నడుచుకుంటూ వెళ్లిపోయా."

"చంకలోనా?" అన్నారు మాస్టారు. "ఎన్ని అంగుళాలది?"

"నలభై మూడు. చెయ్యి కొంచెం బార్లా చాపాలి, అంతే. సరే, వెళ్లానా, బల్ల మీద నిలబెట్టానా, వైరు తీసి టీవీకి ఇలా చూపించానో లేదో, ఇంకా పెట్టనే లేదు, గుమ్మంలో యజమానిని చూసిన కుక్కపిల్లలా టీవీ దానంతటదే వెలిగి కూర్చుంది. వస్తువుకి తెలుస్తుంది మాస్టారూ, ఎవరి చెయ్యో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండు తెరల మీదా ఒకటే బొమ్మ! అలా ఉంటే లాభం లేదు కదా, ఈ తెర అయిపోయిన చోట ఆ తెర మొదలవ్వాలి. సెట్టింగుల్లోకి వెళ్లి ఒకే ఒక్క నొక్కు నొక్కా. మౌసు కదిపితే బాణం గుర్తు కదులుతుందే, అది లాప్‌టాప్ అంచుదాకా వచ్చి, గడప దగ్గర మొహమాటపడే చుట్టంలా ఆగింది. 'రావమ్మా, మనిల్లే' అన్నా. ఒక్క గెంతు! టీవీలో పడింది."

నేను నవ్వాను. ఇంతవరకూ మా ఇంట్లోనూ జరిగేదే. మా తమ్ముడు అలాగే పెట్టుకుంటాడు. అదే మాట అన్నాను కూడా.

"మీ తమ్ముడిది ఒక టీవీయే కదా" అన్నాడు బాబాయ్ జాలిగా.

అక్క గరిటె పక్కన పెట్టి చేతులు కట్టుకుంది. ఆవిడకి తెలుసు, బండి ఇప్పుడే గేరు మారిందని.

"ఆసుపత్రంటే మాటలా? కింది అంతస్తుకే నా టీవీ నిండిపోయింది. మిగతా మూడూ ఎక్కడ పెట్టను? తల గోక్కుంటూ కిటికీ దగ్గర నిలబడ్డా. పక్కింటావిడ బట్టలారేస్తోంది. 'ఏంటన్నయ్యా, అలా ఉన్నారు' అంది. చెప్పా. 'అయ్యో, మా టీవీ ఊరికే పడుందిగా' అంది. కిటికీలోంచి వైరు విసిరా, ఆవిడ క్యాచ్ పట్టింది. రెండో టీవీ తగిలింది. ఆ పక్కింటాయన వచ్చి, 'ఏం, మా టీవీ పనికిరాదా, మేం పరాయివాళ్లమా' అని నిష్ఠూరమాడాడు. ఎందుకొచ్చిన మాటలు! మూడోది తగిలించా. అలా ఒకళ్లకి కోపమని ఒకరింటికి, ఒకళ్లకి బాధని ఒకరింటికి, చివరికి ఏడు ఇళ్లు, ఏడు టీవీలు, వీధి మొత్తం ఒకటే తెర!"

"అంత దూరం సిగ్నల్ పోదయ్యా" అన్నారు మాస్టారు. "వైరు పొడుగయ్యేకొద్దీ బలం తగ్గిపోతుంది."

"తగ్గుతుంది. కాదన్లేదు. అందుకే మధ్యలో రెండు చోట్ల కూర్చోబెట్టి కాస్త గాలి తగలనిచ్చా. తేరుకుని మళ్లీ పోయింది."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వు దాచుకోవాల్సి వచ్చినప్పుడు ఆయన అలాగే చేస్తారు.

"కష్టమల్లా ఆ బాణంతోనే. మొదటింట్లో బయల్దేరితే ఏడో ఇంటికి చేరడానికి పావుగంట. మా మేనకోడలు ఇక్కడ మౌసు తోస్తోంది, నేను ఫోను పట్టుకుని ఇంటింటికీ కనుక్కుంటున్నా. 'హలో, నాలుగో ఇల్లా, బాణం వచ్చిందా?' 'ఇప్పుడే వచ్చిందండీ, ఆయాసపడుతుంటే మంచినీళ్లిచ్చి పంపాం.' 'హలో, ఐదో ఇల్లా?' 'రాలేదండీ.' గుండె గుభేలుమంది. నాలుక్కీ ఐదుకీ మధ్య సందులో జారిపోయింది! పరిగెత్తుకుంటూ వెళ్లి చూస్తే, కాలవ గట్టు మీద ఎటు వెళ్లాలో తెలీక నిలబడుంది పాపం. చేతిరుమాల్లో పెట్టుకుని తెచ్చి ఐదో ఇంట్లో వదిలా."

"ఛీ, ఏం మనిషివయ్యా!" అంది అక్క, కడుపు పట్టుకుని. "చేతిరుమాల్లో!"

"మరి దాని మొన గుచ్చుకోదూ? ఊరికే పట్టుకుంటారా ఎవరైనా? సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెర అంత పెద్దదయ్యేసరికి ప్లాను కూడా పెరిగి పెరిగి అసలు కొలతకొచ్చేసింది. గోడంటే గోడంతే, తలుపంటే తలుపంతే. రెండో ఇంట్లో ఓపీ పడింది, మూడో ఇంట్లో ఆపరేషన్ గది, నాలుగో ఇల్లంతా వార్డు. ఐదో ఇంటి తాతగారు వార్తలు చూద్దామని కుర్చీ లాక్కుని కూర్చుంటే ఎదురుగా ఎక్స్‌రే గది. ఆయన నిటారుగా కూర్చుని ఊపిరి బిగబట్టేశాడు. తీయడం అయిపోయిందని నేను వెళ్లి చెప్పేదాకా వదల్లేదు."

టీ తాగడానికి ఆగిన ఇద్దరు ముగ్గురు కూడా గ్లాసులు పట్టుకుని దగ్గరికి జరిగారు. బాబాయ్ వాళ్లందరినీ ఒకసారి చూసుకుని గొంతు పెంచాడు.

"మధ్యాహ్నం ఒకాయన కాలు బెణికి కుంటుకుంటూ వచ్చాడు. వీధి మొదట్లోంచి చూసి నిజం ఆసుపత్రే అనుకున్నాడు. 'ఓపీ ఎక్కడండీ' అన్నాడు. రెండో ఇల్లన్నా. లోపలికెళ్లి టీవీ ఎదుట మంచం మీద పడుకున్నాడు. గంటకి లేచి మామూలుగా నడిచి వెళ్లిపోయాడు! అంత చక్కటి ప్లాను మరి, గాలీ వెలుతురూ ఏ మూలకి ఆ మూల. ఆ మాట ఎలా పాకిందో ఏమో, నాలుగయ్యేసరికి పదకొండు మంది పేషెంట్లు. ఏం చేస్తాం, కాదంటామా? చేర్చుకున్నాం."

"మందులో?" అన్నాన్నేను.

"మందుల షాపు ఆరో ఇంట్లో గీసుంది కదా!"

"సోమవారం సంగతి చెప్పవయ్యా" అన్నారు మాస్టారు. "డాక్టర్లు ఏమన్నారు?"

"అదీ ప్రశ్న! సోమవారం పదింటికి డాక్టర్లు ఆఫీసుకి రాలేదు, వీధిలోకే వచ్చేశారు. తెల్లకోట్లు, మెడలో గొట్టాలు. ఒక్కో గుమ్మం చూసుకుంటూ వెళ్తున్నారు. నాలుగో ఇంటికొచ్చేసరికి అలవాటు ఊరుకోదు కదా, పేషెంట్ల నాడి చూడ్డం మొదలుపెట్టారు. ఏడో ఇల్లు దాటాక పెద్ద డాక్టరు మా మేనకోడలి రెండు చేతులూ పట్టుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని, 'అమ్మా, ఇక కట్టడం దేనికి? దీన్నే నడుపుకుందాం!' అన్నాడు."

అందరం ఒక్కసారిగా గొల్లుమన్నాం. ఎవరో చప్పట్లు కొట్టారు. బాబాయ్ గంభీరంగా గ్లాసు ఎత్తాడు.

"ఆ పదకొండు మందినీ డిశ్చార్జి చేశారా మామయ్యా, ఇంకా మంచాల మీదే ఉన్నారా?"

గొంతు బాబాయ్ వెనక నుంచి వచ్చింది. పాతికేళ్ల అమ్మాయి, చెప్పుల నిండా ఎర్రమట్టి, చేతిలో చుట్టిన ప్లాను కాగితం. ఎవరో చెప్పక్కర్లేకపోయింది. బాబాయ్ మొహమే చెప్పింది. ఎత్తిన గ్లాసు నోటికీ బల్లకీ మధ్య ఆగిపోయింది.

"నువ్వెప్పుడొచ్చావే?"

"టీవీ ఇంకా నీ చంకలో ఉన్నప్పుడే వచ్చా. చెట్టు చాటున నిలబడి మొత్తం విన్నా."

అక్క బల్ల తుడిచి జాగా చూపించింది. "కూర్చో తల్లీ. మీ మామయ్య ఎన్ని టీవీలు పెట్టాడు?"

"ఒకటేనండీ. చంకలో కూడా కాదు, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అరగంటసేపు వైరు వేరే చోట పెట్టి, టీవీ చచ్చిపోయింది, దుప్పట్లో ఊపిరాడలేదు అని నన్ను కంగారుపెట్టాడు. వైరు సరిగ్గా పెట్టిందీ, రిమోటు నొక్కిందీ, సెట్టింగు మార్చిందీ నేనే. వీధిలో ఎవరికీ ఏం తెలీదు. తాతగారెవరూ లేరు."

నవ్వులు ఆగలేదు. ఎవరో బాబాయ్ వీపు తట్టారు. ఆయన కూడా నవ్వేశాడు, దొరికిపోయినవాడు నవ్వే నవ్వు. అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"అసలు జరిగింది చెప్పాడా మీకు?"

"ఇంకేముందమ్మా?" అన్నారు మాస్టారు.

"లాప్‌టాప్‌లో పట్టిక పెట్టుకుని, టీవీలో ప్లాను పెట్టుకున్నా. ఒకదాన్ని చూస్తూ ఒకదాన్ని దిద్దుతుంటే ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నానికి అయిపోయిందనుకున్నా. మామయ్య అప్పటిదాకా నేల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. తలెత్తి టీవీ చూశాడు. లేచి దగ్గరికెళ్లాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. నాకు భయమేసింది, మామయ్య మాట్లాడకుండా ఉండటం ఎప్పుడూ చూళ్లేదు."

బాబాయ్ సంచీ పట్టీ సర్దుకుంటున్నాడు. "ఇక పదవే, మీ అమ్మ ఎదురుచూస్తుంది."

"ఉండు మామయ్యా. తెర మీద లిఫ్టు గడి మీద వేలుపెట్టి, 'దీని లోపలి లోతెంతమ్మా' అని అడిగాడు. ఐదడుగులన్నా. 'మంచం పొడుగెంత?' ఏడడుగులు. 'మరి పేషెంటుని నిలబెట్టి తీసుకెళ్తారా?' అన్నాడు."

అక్క పొయ్యి ఆపి ఇటు తిరిగింది.

"మామూలు ఇళ్లకి పెట్టే లిఫ్టు కొలత పెట్టేశానండీ. ఆసుపత్రికి! ఎవరూ చూడలేదు. మా ఆఫీసులో ముగ్గురు చూశారు, వాళ్లకీ కనబడలేదు. చిన్న తెర మీద అదొక చుక్క. నాకు ఏడుపొచ్చేసింది, అంతా అయిపోయింది, రేపు వెళ్లను అన్నా. మామయ్య సంచీలోంచి టేపు తీశాడు. మా మంచాన్ని హాల్లోకి లాగి, చుట్టూ సుద్దతో గడి గీసి, తోసేవాడు ఎక్కడ నిలబడతాడు, సెలైన్ స్టాండు ఎక్కడ ఉంటుంది, తలుపు ఎంత తెరుచుకోవాలి, అన్నీ చూపించాడు. పక్కన స్టోరు గది తగ్గిద్దామన్నాడు. ఆరింటిదాకా నా పక్కనే కూర్చున్నాడు. కొలతలు తప్ప ఇంకో మాట లేదు. సోమవారం పెద్ద డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? లిఫ్టులో మంచం పడుతుందా అని. పడుతుందని చెప్పా. ఒప్పుకున్నారు."

ఆమె చేతిలో ప్లాను బల్ల మీద పరిచింది. "లిఫ్టు గుంట తవ్వడం మొదలుపెట్టారు మామయ్యా. గుర్తులు సరిగ్గా పెట్టారో లేదో రేపు పొద్దున ఎనిమిదింటికి వచ్చి చూడమని మా ఇంజనీరు నిన్ను పిలవమన్నాడు."

బాబాయ్ ప్లాను మీదకి వంగాడు. నేను ఆయన్ని ఇన్నేళ్లుగా చూస్తున్నాను కానీ ఆ మొహం ఎప్పుడూ చూడలేదు. వేలు గీత వెంట మెల్లగా కదిలింది. పెదవులు లెక్క కట్టుకుంటున్నాయి.

"వస్తానని చెప్పు" అన్నాడు నెమ్మదిగా. "నేనొచ్చేదాకా ఇంకో గునపం వెయ్యొద్దని కూడా చెప్పు."

మాస్టారు కళ్లజోడు తీశారు. ఈసారి నవ్వు దాచుకోవడానికి కాదు.

"ఇంత సంగతి కడుపులో పెట్టుకుని, ఆ ఏడు టీవీలూ, ఆ పదకొండు మంది పేషెంట్లూ ఎందుకయ్యా మాకు? ఇదే చెప్పొచ్చుగా!"

బాబాయ్ ప్లాను జాగ్రత్తగా చుట్టి మేనకోడలి చేతికిచ్చాడు. సంచీ భుజానికెత్తుకున్నాడు.

"అది పని మాస్టారూ" అన్నాడు. "పని మీద కూడా కోతలు కోస్తే, రేపు నేను బాగుచేసిన లిఫ్టు ఎవరెక్కుతారు?"