తెల్ల తాడు

ఇంకా ఎంత పూస్తావమ్మాయ్, గోడకి సున్నం కొట్టినట్టు! నవ్వితే పెచ్చులు ఊడిపడేలా ఉన్నాయి. ఆఁ? ఈ లైట్ల కింద ఇంత లేకపోతే మొహం నల్లగా పడుతుందా? సరే, కానివ్వు. మొహం మొహంలా కనిపించడమే తప్పైపోయింది ఇక్కడ.

పొద్దున్నుంచీ ఇదే వరస. మా ఆయన చొక్కా గీతలు గీతలుగా ఉందన్నాడు మీ కెమెరా ఆయన. పరుగున వెళ్ళి మార్చుకొచ్చారు. కళ్ళజోడు మెరుస్తోందన్నాడు. తీసి జేబులో పెట్టుకున్నారు. ఇప్పుడాయనకి ఎదురుగా ఏనుగు నిలబడినా ఆనదు, అయినా అటు తిరిగి నవ్వుతూనే ఉన్నారు. కట్టుకున్న దగ్గర్నుంచీ నా మాట ఒక్కటి విన్నారా ఇంత బుద్ధిగా?

అయ్యో, చేతులు చూడకు తల్లీ. ఆ వాసన నాదే. బ్లీచింగ్. ఎంత సబ్బు రుద్దినా పోలేదు. వేళ్ళ చివర తోలు కూడా లేచింది, చూడు. వీటికీ పౌడరు అద్దుతావా? అద్దు, అద్దు.

మా వ్యాపారమేంటో చెప్పారా నీకు? తాళ్ళు. బావిలో చేదకి కట్టేవి కావమ్మా. ఎత్తు మేడలకి రంగులేసేవాళ్ళు, అద్దాలు తుడిచేవాళ్ళు నడుముకి కట్టుకుని దిగుతారే, అవి. మా ఇంట్లో ఏ గొడవైనా తాడో పేడో కాదు, తాడే!

ఆ షెడ్డు పెట్టింది మా మామగారు. పోయారులే పాపం. ఆయనో పద్ధతి పెట్టారు. ఏ కొత్త రకం తాడైనా సరే, అమ్మే ముందు ఇంటి మనిషి దానికి వేలాడాలి. అదీ ఎవరనుకున్నావ్? దాని మీద చివరి చెయ్యి ఎవరిదైతే వాళ్ళే. పురి తిప్పింది నువ్వా, అయితే నువ్వే ఎక్కు. "మన పీకల మీదికొస్తే గాని చెయ్యి సరిగ్గా పడదు" అనేవారు.

నన్నూ ఎక్కించారు! కాపురానికొచ్చిన కొత్తలో. నేను పైన దూలానికి వేలాడుతూ ఏడుస్తుంటే, కింద కుర్చీ వేసుక్కూర్చుని టీ తాగుతూ, "కోడలు తిప్పిన పురి గట్టిదే" అని పకపకా నవ్వారు. ఒళ్ళు మండిపోయిందనుకో. కానీ ఆ రోజు నుంచి నా చేతి తాడుకి వంక పెట్టినవాడు లేడు. బజార్లో మా తాడంటే కళ్ళు మూసుకుని కొంటారంటే, అదంతా ఆ పెద్దాయన పుణ్యమే.

ఇవాళ ఈ ప్రకటన వీడియోలో చూపించేది ఆ పద్ధతే. "మా తాడుకి ముందు మేమే వేలాడతాం" అని మా ఆయన చెబుతారు, వెనకాల ఇంటి మనిషి వేలాడుతూ ఉండాలి. బాగానే ఉంది కదా? నేనూ బాగానే ఉందనుకున్నాను.

మొన్న మీ కెమెరా ఆయన షెడ్డుకొచ్చి తాడు చూసి మొహం చిట్లించాడు. బూడిద రంగుట, తెర మీద మురికిగా పడుతుందిట, తెల్లగా మెరవాలిట. ఇంకేముంది! ఆయనటు వెళ్ళగానే మా ఆయన "బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టు" అన్నారు. అది తాడా, మీ బనీనా? అన్నాను. నైలానుకి ఆ నీళ్ళు తగలకూడదమ్మా, లోలోపల తినేస్తాయి. కొనేవాళ్ళకి ఈ ముక్క చెప్పి పంపేది మేమే! ఆయనకి తెలీదా? "ఒక్క వీడియోకేగా, పెద్ద చెప్పొచ్చావ్" అన్నారు.

నానబెట్టాను. ఏం చెయ్యను, అలవాటు. చెయ్యమంటే చేసేస్తుంది ఈ చెయ్యి.

ఆరాక ఎంత ముద్దొచ్చిందనుకున్నావ్! పాలలో ముంచి తీసినట్టు. గోరుతో ఇలా గీకితే పోగులు పొడిపొడిగా రాలాయి. అరచేతిలో పెట్టుకెళ్ళి చూపించాను. ఆయన చూశారు. ఉఫ్ మని ఊదేశారు. "ఏదీ, ఇప్పుడు లేదుగా" అన్నారు.

నవ్వొస్తోందా? నాకూ నవ్వే వచ్చింది అప్పుడు.

ముందు మా మరిది ఎక్కాలనుకున్నారు. అదిగో, గుమ్మం దగ్గర నడుముకి కట్టిన బెల్టు ఇంకా విప్పకుండా నిలబడ్డాడే, అతనే. అన్న గీసిన గీత దాటడు. వాడి పిల్ల ఇప్పుడిప్పుడే గోడ పట్టుకుని అడుగులేస్తోంది. వాడు ఆ తాడు కింద నిలబడి పైకి చూస్తుంటే నేను మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను. "ఆగండి" అన్నాను, "దీని మీద చివరి చెయ్యి నాది. పద్ధతి ప్రకారం నేనెక్కాలి."

ఎందుకన్నానంటావ్? పెళ్ళాం ఎక్కుతానంటే ఆయన ఆపేస్తారని. నిజం చెబుతున్నా, అదే నా ధైర్యం. వద్దులేవే, మామూలు తాడే తెప్పిద్దాం, మురికిగా పడితే పడనీ అంటారని.

కెమెరా ఆయన ఎగిరి గంతేశాడు. ఇంటి ఇల్లాలు వేలాడితే ఇంక తిరుగే లేదుట! నేను మా ఆయన మొహం చూశాను. చాలాసేపు చూశాను. ఆయన జేబులోని కళ్ళజోడు తడుముకుని, "చీర వద్దు, ప్యాంటు వేసుకో" అన్నారు.

అంతే.

ఏమిటా ఈడ్పు చప్పుడు? తాడు కింద వేసిన పరుపు లాగేస్తున్నారా? ఓహో, అంచు కనబడుతోందా తెర మీద. లాగనీ.

నువ్వేంటి, చెయ్యి ఆపేశావ్? కానివ్వు, కాటుక సగంలో ఉంది. వద్దు వద్దు, నువ్వెళ్ళి ఎవరికీ చెప్పకు. నేను చెప్పలేదనుకున్నావా? మీ కెమెరా ఆయనకీ చెప్పాను, "మీ ఆయనే ఒప్పుకున్నాక నాదేముందమ్మా" అన్నాడు. ఇప్పుడు నేను తప్పుకుంటే, "దానికి భయం, నువ్వెక్కరా" అంటారు మా ఆయన. మరిది ఎక్కేస్తాడు. మారు మాట్లాడడు.

పోనీ వీడియోలోనే చెప్పెయ్యమంటావా? మాటలన్నీ ఆయనవేనమ్మా. నేను వేలాడుతూ నవ్వాలి, నా వంతు అంతే.

భయం వెయ్యడం లేదా అంటే, ఎందుకు వెయ్యదు! కానీ అసలు సంగతి నీకు చెప్పలేదు. పొద్దున ఈ స్టూడియోకి దార్లో వస్తూ ఆయన ఫోనులో ఎవరితోనో అంటున్నారు, "ఇక నుంచి మాది తెల్ల తాడేనండీ, కొత్త రకం" అని. షెడ్డు వెనక బ్లీచింగ్ డ్రమ్ములు దింపించారుట, నాకు మాట మాత్రం చెప్పకుండా. ఒక్క వీడియోకే అన్న మనిషి! పైన పటారం, లోన లొటారం. సరిగ్గా అదీ ఇప్పుడు మా సరుకు.

ఇదిగో, పిలుస్తున్నారు. వస్తున్నానని చెప్పు. ఆ బొట్టు సర్దు, చాలు.

ఇలా దగ్గరికి రా. నీ ఒక్కదానికే చెబుతున్నా. తాడు తెగుతుందేమోనని కాదు నా భయం. ఎంతసేపని, నాలుగు నిమిషాలు మోస్తుందిలే. నేను నవ్వుతాను, అందరూ చప్పట్లు కొడతారు, ఆయన "చూశావా, ఊరికే గోల పెట్టావు" అంటారు. రేపు ఆ డ్రమ్ముల మూతలు తీస్తారు. నా నవ్వు చూసి ఎవడో అమాయకుడు తెల్ల తాడు కొనుక్కుంటాడు, పిల్లలకి టాటా చెప్పి మేడ మీంచి దిగుతాడు. మోస్తుందేమోననే నా భయం.

అందుకే తల్లీ, తెగితే బాగుండుననుకుంటున్నాను. నేను దాని మీద ఉండగానే.