పూసలు చాలని నిమిషం

నమ్మకు కిష్టప్పా. దమ్ముంటె నమ్మకు. నేనిప్పుడు చెప్పేదాంట్ల ఒక్క ముక్క అబద్ధమని తేల్చినవనుకో, తాండూరు టేషన్ల నడి ప్లాట్‌ఫారం మీద కూసొని నా మీసం నేనే గొరిగిచ్చుకుంట. మొఖం గోడ దిక్కు తిప్పుకొని పండుకుంటె ఏమొస్తది? గోడకు చెవులుంటయంటరు, నీకు లేకపాయెనా?

మాట్లాడకు. పండ్లు బిగవట్టుకొనే ఉండు. నా మాటకు అడ్డం రాని మనిషి ఇన్నేండ్లకు దొరికిండు, నాకే లాభం.

ఈశ్వరమ్మ వదినె అంత చెప్పింది. పొద్దుగాల చాయ్ కప్పు నోటికాడికి తెచ్చుకున్నవట, చెయ్యి వంకర పోయిందట, కండ్లు తేలేసి కాళ్లు చేతులు కొట్టుకున్నవట. తెలివికొచ్చినంక ఏమన్నవు? తిమ్మిరెక్కింది అన్నవా? తిమ్మిరెక్కితె నాలుక కొరుక్కుంటరా? దుప్పటి మీద ఆ మరక ఏంది, తాంబూలమా?

బయట జీపు ఆగి ఉన్నది. బండల సేటు జీపు. సేటు గల్లా పట్టి తాళంచెవి గుంజుకొచ్చిన. ఏమనుకున్నవు, గులాం నబీ అంటె? ...సరే. గల్లా పట్టలే. దండం పెట్టి అడిగిన. రెండు మాట్ల పెట్టిన. చూసినవా, గియ్యాల నిజమే చెప్తున్న.

సేటు ఫోను తోనే వికారాబాద్ డాక్టరమ్మతోని మాట్లాడిన. మనిషి తెలివి మీదున్నడా, మింగగల్గుతడా అని అడిగింది. ఉన్నడు, మింగగల్గుతడు, మింగడు అన్న. ఒక్క గోలి ఇచ్చి తక్షణం తీస్కరా అన్నది. ఇంకోసారి ఫిట్సు వస్తె తనతోని గూడ కాదన్నది. నాతోని అంత గట్టిగ ఎన్నడు మాట్లాడలే ఆమె.

ఇగో గోలి, కంపౌండర్ కాడ తెచ్చిన. నా అరచేతిల ఉన్నది. జర ఇటు తిరుగు.

తిరుగవు. ఎందుకు తిరుగుతవు? పోయిన సోమవారం దాకా దినాం మూడు మింగినవి గివే. తొమ్మిది రోజుల కింద డబ్బ తీస్కపోయి కాగ్న ఏట్ల ఇసిరేసి వస్తివి. ఎవని మాట మీద ఇసిరేసినవో నాకెరుక, నీకెరుక. అందుకే నడుము నొస్తున్నా నీ మంచం పట్టె మీద కూసున్న.

మొదటినుంచి చెప్త, ఆగు.

గని కాడ మనతోని బండలు కొట్టే యోబు మీద బండ పడ్డ నాడు, డెబ్బై నాలుగుల, ఆ బండను ఎవలు లేపిండ్రు? నేనొక్కన్నే లేపిన అని ఊరంత చెప్పిన. నువ్వు పక్కనే ఉన్నవు గాని ఒక్కనాడు కాదనలే. లేపింది నువ్వు, ఇంక ముగ్గురు. నేను ఆ అంచున కూసొని కక్కుకుంటున్న. యోబు చెయ్యి ఒక్కటే బయటికి కనవడుతుండె, చేతిల బీడీ కట్ట అట్లనే ఉండె.

అప్పటిసంది నీకు నిద్ర లేదు, నాకు లేదు. కంపౌండర్ ఇద్దరికి ఒక్కటే తీరు గోలీలు కట్టిచ్చిండు. మనసు నిమ్మలమైతది, రాత్రికి ఒక్కటి ఏసుకోండి అన్నడు. మంచోడే పాపం, ఆయనకు తెలిసింది గంతే. ఒక్కటి రెండాయె, రెండు మూడాయె. తొమ్మిదేండ్లు. పెండ్లాంతోని గూడ అంత సక్కగ కాపురం చెయ్యలే మనం.

మల్ల ఆ ముచ్చట. బస్టాండ్ కాడి హోటల్ల చెప్పిన ముచ్చట. నేనేమన్న? ఒక్కనాటితోని ఇడిసిపెట్టిన అన్న. డబ్బ డబ్బనే కాగ్నల పారేసిన, ఏట్లె చేపలన్ని నిద్ర పోయినయి, మూడు రోజులు పిల్లగాండ్లు ఉత్త చేతులతోని పట్టుకున్నరు అన్న. అందరు నవ్విండ్రు. నువ్వు నవ్వలే. చాయ్ సాసర్ల పోసుకొని ఊదుకుంట కూసున్నవు. అప్పుడే నాకు అర్థం కావల్సుండె.

అసలు నీ మీద నాకు మంట ఎక్కడంటె కిష్టప్పా, నా కథలల ఏది నమ్మాలె, ఏది నమ్మొద్దు అనేది నీ అంత ఎరుకైనోడు ఈ జిల్లాల లేడు. అనంతగిరి గుట్టల చిరుతపులి చెవి పట్టుకున్న అంటె నువ్వు నమ్మలే. అరవై తొమ్మిదిల లొల్లి జరిగి రైళ్లు బందైనప్పుడు వికారాబాద్ నుంచి పట్టాల మీద ఒక్క దమ్ముల ఉరికొచ్చిన అంటె, చెప్పులేమన్న మిగిలినయా అని అడిగినవు. మా ఇంటామె జహీరాబీ పాన్‌దాన్ మూతకు సొట్ట ఎట్ల పడ్డదంటె, నాగుపామును దాంతోనే కొట్టి చంపిన అన్న. పాము పేరేంది అని అడిగినవు. అన్ని తెలివిగ కొట్టేసి, గిదొక్కటే నమ్మాల్నా? నబీతోని అయితె నాతోని కాదా అనుకుంటివి. అంతేనా?

ఏందీ, గొణుగుతున్నవు? గట్టిగ అను.

సరే, చెయ్యి ఇటు తే. తే అంటున్న. అబ్బా, నాడి చూడు, డప్పు కొట్టినట్టు కొడుతున్నది. వదినె మీద ఎందుకు కస్సుమంటున్నవు? బీపీ నూటతొంబై మీద నూటపది ఉన్నదని కంపౌండర్ చెప్పంగనె ఆమె ఉప్పు బంద్ పెట్టింది. వారం రోజులసంది చప్పిడి పప్పు, చప్పిడి గట్క. నీ గోసల ఆమె గూడ ఉప్పు ముట్టుత లేదు, తెలుసా? కంపౌండర్ దగ్గర బీపీ గోలి తెచ్చుకొని మింగుతున్నవు, దాంతోనే సరిపోతదని. నేను గూడ అట్లనే అనుకున్న. ఇందాక ఫోన్ల అడిగితె డాక్టరమ్మ కసిరింది. బీపీ గోలి దడను కొంచెం ఆపుతదేమో గాని, తొమ్మిదేండ్ల మందు ఒక్కసారి గుంజేస్తె మెదడుల లేచే తుఫాను దానితోని ఆగదు అన్నది. ఫిట్సు దానితోని ఆగవు అన్నది. పొద్దుగాల నీకైంది గదే.

ఇగ ఇను. ఇది నేను ఎవ్వలకు చెప్పలే.

నేను ఒక్కనాటితోని ఇడువలే. పదకొండు నెలలు పట్టింది నాకు.

నవ్వుతవో ఏడుస్తవో నీ ఇష్టం. పదకొండు నెలలు. వికారాబాద్‌కు సేటు లెక్కల పని మీద పోతున్న అని నీకు చెప్పి పోలేనా, నెలకో మాటు? లెక్కలు లేవు, మన్ను లేదు. డాక్టరమ్మ కాడికే. ఆమె చెప్పింది, పదిహేను దినాలకు ఒక్క పావు గోలి తగ్గించు, దడ ఎక్కువైతె ఆడనే ఆగు, ఎనుకకు మాత్రం పోకు అని. నాకు ముందుగాల నవ్వు వచ్చింది. తాండూరు బండలు చీల్చే గులాం నబీ పావు గోలి ముక్కతోని కొట్లాడాల్నా అన్న. ఆమె ఏమన్నదో తెల్సా? మీరు బండను ఎట్ల చీలుస్తరు అని అడిగింది. నేను మన పనితనం అంత ఇప్పి చెప్పిన, పొర చూస్తం, వరుసగ ఇనుప చీలలు పెడ్తం, ఒక్కోదాని మీద మెల్లగ కొట్టుకుంట పోతం, ఆగుతం, చప్పుడు ఇంటం, మల్ల కొడ్తం. ఒక్క దెబ్బకు కొడితె ఏమైతది అన్నది. బండ ఆగమైతది అన్న. అంతే, చిట్టి రాసిచ్చింది.

నువ్వే గదా కిష్టప్పా, ఒక్క దెబ్బకు కొట్టినోన్ని గని మీదికెళ్లి ఎల్లగొట్టింది?

గోలిని పావులు చేసుడు ఉలితోని కాలే నాతోని. పిండి పిండి అయింది. మా జహీరాబీ పోకచెక్కలు కొట్టే అడకత్తెర తోని చేసింది. సక్కగ నాలుగు ముక్కలు. ఆఖరుకు వచ్చేసరికి ఎనిమిది. పాన్‌దాన్ల సున్నం ఒక గిన్నె, కాచు ఒక గిన్నె, పోకలు ఒక గిన్నె, నా గోలి ముక్కలు ఒక గిన్నె. పెద్దోళ్లు ఎవలన్న వచ్చి పాన్ అడిగితె నాకు ప్రాణం పోయినట్టుండేది.

ఇగ దడ సంగతి. నీకొక్కనికే వచ్చిందనుకుంటున్నవా? నా గుండె కొట్టుకుంటె వికారాబాద్ జంక్షన్ల గార్డు పచ్చజెండా ఊపిండు, ఏదో ఇంజన్ వస్తున్నదని.

...అదీ. అదే నా రోగం. నిజం చెప్పబోతె తోక మొలుస్తది.

నిజం గిది. డాక్టరమ్మ నాడి లెక్కపెట్టుమన్నది, పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి, గంతే. చాయ్ తాగంగనె కాదు, నడిచి రాంగనె కాదు, కొంచెంసేపు నిమ్మలంగ కూసున్నంక. గంటకు పది మాట్ల పట్టుకొని చూస్తె చూసిన భయానికే ఉరుకుతది అన్నది. జహీరాబీకి నూరు దాకా లెక్క రాదు. తస్బీహ్ తీసుకున్నది, జపమాల తీరుది. ఒక చెయ్యి నా మణికట్టు మీద, ఒక చెయ్యి పూసల మీద. ఒక్క కొట్టుడుకు ఒక్క పూస. ఎదురుంగ అలారం గడియారం. నూరు పూసలు కిష్టప్పా. గా మొదటి దినాలల నూరు పూసలు అయిపోయేవి గాని గడియారంల సన్న ముల్లు ఇంక సుట్టు తిరిగేది కాదు. ఆమె మల్ల మొదటి పూస కాడికి వచ్చేది. పెదవులు కదిలిచ్చుకుంట మల్ల మొదలువెట్టేది. ఆ పెదవులు చూసుకుంటనే నేను బతికిన.

చెమటలు, వణుకు, కండ్ల ముంగట మిణుకులు. హోటల్ల కప్పు పట్టుకుంటె చేతులు వణుకుతయని రెండు నెలలు చాయ్ మానేసిన. మీకేం చెప్పిన? చాయ్ తాగితె నా గొంతు మంద్రమైతది, ఖవ్వాలీ పాడుతున్న అని చెప్పిన. మీరు నమ్మిండ్రు.

ఇగ గిదొక్కటి చెప్తె నా కథ ఖతం.

ఆరో నెలల ఒకనాడు పొద్దుగాల నాతోని కాలే. గుండె నోట్లకు వచ్చింది. పాన్‌దాన్ ఇయ్యి అన్న. ఇయ్య అన్నది. పదిహేను దినాలు కాలే, ఇంక నాలుగు దినాలున్నది అన్నది. కాళ్లు పట్టుకున్న. పట్టుకున్న అంటున్న, ఇందాక సేటుకు దండం పెట్టినట్టు కాదు, నేల మీద పడి పట్టుకున్న. ఇయ్యలే. గుంజుకున్న. మూత రాకపాయె. ఇసిరి కొట్టిన. ఆమె చెవికి జానెడు దూరంల గోడకు తగిలింది.

జానెడు కాదు. నాలుగు వేళ్లంత.

ఆ సొట్ట అది. పాము లేదు, పుట్ట లేదు.

ఆమె కింద పడ్డ ముక్కలు ఒక్కొక్కటి ఏరింది. ఏరి, నా ముంగట చెయ్యి చాపి, తిను అన్నది. అన్ని తిను. రేపు కిష్టప్ప ముంగట కూసొని ఏం చెప్తవో ఇప్పుడే ఆలోచన చేసుకో అన్నది.

తినలే. దేవుని భయంతోని కాదు, డాక్టరమ్మ భయంతోని కాదు. నీకు చెప్పుకోవాలె గదా అని తినలే. ఒక్క రోజుల ఇడిసిపెట్టిన అని నీ ముంగట కాలు మీద కాలేసుకొని చెప్పాలె గదా అని, గా ఆశతోని ఇంకో అయిదు నెలలు గుంజుకొచ్చిన. నేను బతికింది నీకు చెప్పబోయే అబద్ధం మీద, కిష్టప్పా. ఇప్పుడు ఆ అబద్ధమే నిన్ను తింటున్నది. నేనేం చెయ్యాలె, చెప్పు. చావాల్నా?

ఈ గోలి మింగితె ఓడిపోయినట్టు కాదు. నేను గెలువనే లేదు, నువ్వు ఎవని మీద ఓడుతవు?

ఏందీ?

మల్ల అను. ...గిది గూడ అబద్ధమా? నిన్ను జీపు ఎక్కిచ్చేటందుకు కట్టిన కథనా?

మంచిగున్నది. ముప్పై ఏండ్లు నోటికొచ్చింది చెప్పి, ఒక్క దినం నిజం చెప్తె దానికి గిరాకి లేకపాయె. నీ తప్పు లేదు. నీ జాగల నేనున్నా నమ్మకపోదును.

సరే, నన్ను నమ్మకు. ఇన్నేండ్లల నేను కథ మొదలుపెడ్తె చాలు, కొంగు దులుపుకొని లేచిపోయే మనిషి ఒకరున్నరు. నీకెరుకే. నా ఒక్క కథకు గూడ ఔనని సాక్ష్యం చెప్పలే. గియ్యాల నేను పిలువనే లేదు. బుర్ఖా ఏసుకొని వచ్చి, ఒళ్లె సొట్ట పాన్‌దాన్ పెట్టుకొని, తస్బీహ్ చేత పట్టుకొని, జీపుల ఎనుక సీటు మీద కూసున్నది. నీ నాడి పట్టుకునేటందుకు. గోలి ఏసుకో, నీళ్లు వదినె ఇస్తది. నా భుజం మీద చెయ్యెయ్యి. ఎక్కి కూసొని, ఆ సొట్ట ఎట్ల పడ్డదో నన్ను కాదు, ఆమెను అడుగు. జహీరాబీని.