గాజు పెట్టెలో పుర్రముడి

"అవ్వా, మెడ్రాసులో టిక్కెట్టు లేకుండా చూసేవన్నీ నీకు తెలుసంట గదా! మా కాలేజీలో దాని మీదే రాసుకురమ్మన్నారు. చెప్పు, రికార్డు చేసుకుంటా."

ఆ ఫోను ఇంకొంచెం దగ్గరగా పెట్టు పాపా, ఈ వసారాలో మాట గాలికి కొట్టుకుపోతాది. మీ జేజి పడుకోనుండాదా? చూసిరా ఒకసారి. పడుకోనుండాదా, సరే.

టిక్కెట్టు లేనివంటే... చానా ఉండాయి. ఎట్టా తెలిసిందంటే, మీ జేజికి, మీ నాయన వాళ్ళమ్మ అని రాసుకో, కళ్ళు మసకలైనాయి గదా, నెలకొకసారి మెడ్రాసు కళ్ళాసుపత్రికి పోవాల. మీ నాయనకి పనులు, మీయమ్మకి పనులు. నేనే పిలుచుకోని పోయేదాన్ని. నాకు ఆడబిడ్డ గదా, ఎవరికి వదిలిపెట్టేది? సూళ్ళూరుపేటలో పొద్దున లోకలెక్కితే తొమ్మిదికంతా ఆడుంటాం. నేను పెళ్ళైన కొత్తలో రెండు రూపాయలో మూడో ఉన్నింది చార్జీ... రెండే. కాదు, రెండున్నర. పోనీలే. ఆసుపత్రిలో చుక్కలేసి పంపించేస్తారు పన్నెండుకంతా. మళ్ళా రైలు నాలుగుకి. ఆ మధ్యలో యాడ కూర్చునేది చెప్పు? స్టేషన్లో కూర్చుంటే వొళ్ళంతా చెమట.

అప్పుడు మొదలుపెట్టినాం ఈ షికార్లు. బీచి, దానికెవరు అడుగుతారు టిక్కెట్టు! మనకి లేని సముద్రమా అనేది మీ జేజి, అయినా పోవాలనేది. పెద్ద లైబ్రరీ ఒకటుండాది, లోపల చల్లగా ఐసు మాదిరి. ఇద్దరం పుస్తకం ముందు పెట్టుకోని కూర్చునేవాళ్ళం. నేను తలకిందులుగా పట్టుకున్నానని ఒకమ్మాయి వచ్చి తిప్పిపెట్టింది. నవ్వొద్దు. పార్కులో బొమ్మలుండాయి, చర్చి ఉండాది, లైటుహౌసుకి మాత్రం టిక్కెట్టంట, అందుకని కిందనుంచే చూసినాం. మీ జేజికి కనపడదు గదా, నేను చెప్తా ఉంటే "ఊ, ఊ" అంటాది. రాసుకుంటా ఉండావా? ఇవన్నీ రాసుకో. ఇంకొకటుండాది. అది రాసుకుంటావో లేదో నీ ఇష్టం.

ఆసుపత్రి వెనకాల సందులో పాత బంగళా ఉంది. చేపలోళ్ళ బతుకు మీద పెట్టిన చిన్న మ్యూజియం. టిక్కెట్టు లేదు, చెప్పులు కూడా విప్పనక్కర్లేదు, ఒక వాచ్‌మన్ కూర్చోనుంటాడు, ఆయన పేపరు చదువుకుంటా ఉంటాడు. తెడ్లు, పీతల బుట్టలు, ఉప్పు చేపలు ఆరేసే చాపలు... మన పెరట్లో ఉండేవే. వాటికి గాజు పెట్టెలు, లైట్లు! "వదినా, మనల్ని కూడా ఒక పెట్టెలో పెడతారేమో" అనింది మీ జేజి. బాగా నవ్వుకున్నాం.

చివరి గదిలో ఒక పెద్ద గాజు పెట్టె. అందులో సిమెంటు మనిషి, భుజం మీద వల. మొగం మనోళ్ళ మొగం కాదులే, సినిమా హీరో మాదిరి మీసం పెట్టినారు. నేను మొగం చూళ్ళేదు. వల చూసినాను.

నూలు వల. తుమ్మచెక్కలో ఉడకబెట్టిన రంగు. అప్పటికే నైలాను వచ్చేసింది, మీ తాత మాత్రం నూలే వాడేవాడు. మీ తాతంటే... మా ఆయన, మీ జేజికి సొంత అన్న. పేరు నేను చెప్పను, నీకు తెలుసుగా.

ఆ వల్లో అతుకులు చూసినాను పాపా. అన్నీ పుర్రముళ్ళు.

నాది పుర్రచెయ్యి గదా, ఎడమచేతి వాటం. ఊళ్ళో ఆడోళ్ళందరూ కుడి చేత్తో వల కుట్టేవాళ్ళు, వాళ్ళ ముడి ఇట్టా తిరుగుతాది. నాది ఇటుపక్క తిరుగుతాది. మా అత్త ఎన్ని తిట్లు తిట్టింది, "ఏందిమే ఈ పుర్రముళ్ళు, వల వంకర పోతాది" అని. మీ తాత ఏం చేసినాడో తెలుసా? అతుకులన్నీ ఒకే తీరుగా ఉండాలని నా దగ్గర పుర్రముడి నేర్చుకున్నాడు. కుడిచేతోడు, ఎడమ చేత్తో నేర్చుకున్నాడు. మన ఊరి ముందరి ఈ సరస్సు చుట్టూ ఆ ముడి వేసేవాళ్ళం ఇద్దరమే.

మీ తాత పోయిన సంగతి విన్నావు గదా? సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి పొయ్యినాడు, వాయుగుండం పట్టింది, మళ్ళా రాలా. పడవ దొరకలా, మనిషి దొరకలా, వల దొరకలా. అప్పుడు నాకు ఇరవై నాలుగు... ఇరవై మూడే. పదకొండో రోజు అందరూ వచ్చినారు, నా గాజులు పగలగొట్టేదానికి. మా అత్త గుమ్మంలో అడ్డం నిలబడింది. "వల రాలా. వల వచ్చిందాకా నా కొడుకు నీళ్ళ మీద ఉన్నట్టే. దీని మెడలో తాడు ఎవరు ముట్టుకుంటారో చూస్తా" అనింది. మనోళ్ళలో అది ఉండాది. మనిషి దొరక్కపోయినా వల ఒడ్డుకొస్తే, మనిషొచ్చినట్టే. ఆ వలనే పాడె మీద పెట్టి చేసేస్తారు అన్నీ. వల రాకపోతే ఏమీ చెయ్యరు.

అట్నే ఉండిపోయినాను నేను. ఎవరింట్లో పెళ్ళైనా పసుపు దంచేదానికి నన్నే పిలుస్తారు. శుక్రవారం శుక్రవారం మీ జేజి నాకు కుంకం పెడతాది. పెట్టి, "మా అన్న యాడుండాడో" అంటాది. ఇన్నేళ్ళలో ఒక్క వారం తప్పలేదు.

ఇప్పుడు చెప్పు. ఆ గాజు ముందర నిలబడి నేనేం చెయ్యాల? నోరు తెరిచినానంటే ఆ నిమిషం నుంచి నేను ముండమోసినదాన్ని. మీ జేజికి అన్న లేడు. ఆమెకా, కనపడదు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలీదు. చెప్పలా. "ఏముంది వదినా ఇందులో?" అనింది. "వల, అంతేమే" అన్నా. ఆమె గాజు దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చింది. "ఏందీ, మన సరస్సు వాసనొస్తా ఉండాది" అనింది. నాకూ వచ్చింది. పడమటి గాలి తోలినప్పుడు నాచు వాసన వస్తాది చూడు, అది. మెడ్రాసులో, మూసిన గదిలో.

భయం వేసింది. వేసినా, చిల్లులు లెక్కపెట్టినాను. చేపలోళ్ళ బుద్ధి, వల చూస్తే చెయ్యి ఊరుకోదు. ఐదు చిల్లులుండాయి.

మళ్ళా నెల పొయ్యినాం. నాలుగే ఉండాయి.

తప్పు లెక్కపెట్టినానేమో అనుకున్నా. వయసైపోయింది గదా. ఐదోది యాడుండిందో నాకు గుర్తుంది, భుజం మడత కింద. ఆడ ఇప్పుడు ముడుండాది. పుర్రముడి. నూలు కొత్తది కాదు, అదే పాత రంగు. తడిగా ఉండాది పాపా. గాజు లోపల తడి. కిందకి జారి సిమెంటు మనిషి కాలి దగ్గర ఇంత మరక.

వాచ్‌మన్ను అడిగినా, "ఈ పెట్టె ఎవరన్నా తీసినారా?" అని. ఆయన నవ్వినాడు. "ఆ తాళం తుప్పుపట్టి ఎన్నేళ్ళైందో, తాళం చెవి కూడా ఆఫీసులో యాడుందో" అన్నాడు.

ఆ పైన నెల మూడు. ఆ పైన నెల రెండు.

అప్పటికి నాకు తెలిసిపొయ్యింది. మీ తాతకి ఒక అలవాటుండేది. చిరిగిన వల ఇంటికి తెచ్చేవాడు కాదు. వేట నుంచి వచ్చి ఒడ్డునే కూర్చోని, అన్ని చిల్లులూ కుట్టుకోని, అప్పుడు ఇంటికొచ్చేవాడు. కూడు చల్లారిపోతా ఉంటాది, నేను గుమ్మంలో నిలబడి కేకలేస్తా ఉంటాను, "వస్తా ఉండా, ఇంకా రెండే" అనేవాడు. ఆ మాట నాకు ఆ గదిలో వినపడినట్టే ఉన్నింది. "ఇంకా రెండే."

వస్తా ఉండాడు పాపా. నలభై ఏళ్ళకి పైమాటే, ఒడ్డున కూర్చోని కుట్టుకుంటా వస్తా ఉండాడు. నాకు సంతోషమా అంటే... ఏం చెప్పేది? భయమే ఎక్కువ. నాకా పళ్ళూడిపోయినాయి. ఆయనకి ఇరవై తొమ్మిదే.

ఆ పైన నెల నేను పోనన్నా. మోకాలు నొప్పని చెప్పినా. మీ నాయనే పిలుచుకోని పొయ్యినాడు మీ జేజిని, గుర్తుందా? ఆ నెలంతా ఇంట్లో కుండలో నీళ్ళు ఉప్పగా ఉండేవి. మీరెవరూ అన్లేదు. నాకే ఉప్పగా ఉండేవి.

తర్వాత నెల పొయ్యినాను. ఒకటే మిగిలుండాది.

రెండు నెలలు, ఒకటే కుట్టినాడు. ఎందుకాగినాడు అని దగ్గరికి పొయ్యి చూసినాను. చూసి, ఆడనే నేల మీద కూలబడినాను. అది నా చిల్లు.

ఇది మీ జేజికి కూడా తెలీదు. ఆయన ఆఖరుసారి వేటకి పొయ్యిన పొద్దు మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. దేనికో చెప్తే నవ్వుతావు. మా పుట్టింటికి పంపించమంటే, ఇంకో వారం ఆగమన్నాడు. అంతే. వల నా వొళ్ళో ఉండాది, రాత్రి ఇంట్లో ఎలకలు కొరికి నడుమ దగ్గర చెయ్యంత చిల్లు. "నీ వల నువ్వే కుట్టుకో" అని విసిరేసినా. తీసి భుజానేసుకోని పొయ్యినాడు. ఎనక్కి తిరిగి చూళ్ళా. నేనూ గుమ్మంలోకి రాలా. అదీ సంగతి. ఇన్నేళ్ళూ తాడు మెడలో ఉంచుకోని మహా ఇల్లాలినని పసుపు దంచినా. ఆ చిల్లు కుట్టలేదు నేను.

మిగతావన్నీ ఆయన కుట్టుకున్నాడు. దాన్ని మాత్రం ముట్టుకోలా. అది నా పని గదా.

నేను కూలబడితే వాచ్‌మన్ పరిగెత్తినాడు, ఆఫీసరమ్మ వచ్చింది. చిన్న పిల్ల, తెలుగే. నీళ్ళిచ్చింది. ఆ వల యాడిదని అడిగినా. సరస్సు దక్షిణపు ఒడ్డున, తమిళోళ్ళ వైపు, ఇసకలో దొరికిందని రాసుండాదంట. పాత ఫోటో తీసి చూపించింది. చూపించి, తనే పెట్టె కాడికి పొయ్యి వేలుతో లెక్కపెట్టింది. "ఇందులో ఐదు చిల్లులుండాయి, ఇప్పుడొకటే ఉంది. ఎవరు కుట్టినారు?" అనింది. నన్నే చూస్తా ఉండాది. నేనన్నా, "కుట్టినోళ్ళ సంగతి నాకొదిలెయ్ తల్లీ. ఆ మిగిలినది నన్ను కుట్టనీ" అని.

ఏమనుకుందో ఏమో ఆ పిల్ల. పై నెల రమ్మనింది. తాళానికి నూనె పోయించి పెట్టింది.

పోయిన శుక్రవారం. మీ జేజిని ముందు గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టి నేను లోపలికి పొయ్యినా. పెట్టె తెరిచినారు. చల్లటి గాలి కొట్టింది మొగం మీద, నాచు వాసన. నేను వెదురు సూది, నూలు తీసకపొయ్యినా. కూర్చోని మొదలుపెట్టినా.

వల కుట్టేటప్పుడు ఒకళ్ళు అవతల కొస బిగించి పట్టుకోవాల. లేకపోతే వల కన్ను, ఆ గడి, సరిగ్గా పడదు. సిమెంటు మనిషి భుజం మీద వేసిన వల, వదులుగా వేలాడాల గదా? నేను మొదటి ముడి వెయ్యంగానే అవతల నుంచి బిగిసింది. నేను ఎంత లాగితే అంత. నేను వదిలితే అదీ వదిలింది. ఆ పట్టు నాకు తెలుసు పాపా. అది మరిచిపొయ్యేది కాదు.

ఆఫీసరమ్మ గోడకి ఆనుకుపొయ్యింది.

ఆఖరు కన్ను కాడ నూలు అయిపొయ్యింది. జానెడు చాలదు. సంచిలో వెతికినా, లేదు. అవతల పట్టు అట్నే ఉండాది, వదలకుండా. ఇంకేం చేసేది? మెడలో పసుపుతాడు తీసినా. తాళిబొట్లు రెండూ కొంగున ముడేసుకోని, ఆ తాడుతోనే ఆఖరి ముడి వేసినా. పుర్రముడే. బిగించినా.

పట్టు వదిలింది. వల కిందకి వేలాడింది, ఉత్త వల మాదిరి. వాసన కూడా పొయ్యింది. ఏడుపు రాలా పాపా. "కూడు చల్లారిపోతాది, రా" అనినా, అంతే. నోటికి ఆ మాటే వచ్చింది.

రైల్లో కూర్చున్నాక మీ జేజి సంచిలో నుంచి కుంకం పొట్లం తీసింది. శుక్రవారం గదా. నా నుదురు తడుముకోని పెట్టింది. "మా అన్న యాడుండాడో వదినా" అనింది. నేను పైట మెడ మీదికి లాక్కోని కిటికీలో చూస్తా కూర్చున్నా. చెప్పాలని నోరు తెరిచినాను. రాలా.

రేపు మళ్ళా శుక్రవారం. రేపు ఆ కుంకం పెట్టించుకోలేను పాపా. అందుకని నువ్వు చెప్పాల మీ జేజికి. నా నోటితో కావడంలా. పొయినాడని చెప్పొద్దు, వింటా ఉండావా? ఆ మాట అననే వద్దు. మీ అన్న ఇంటికొచ్చేసినాడని చెప్పు.

అదిగో, లేచినట్టుండాది, మంచం చప్పుడు. ఆపెయ్ ఆ ఫోను... పో తల్లీ, చెయ్యి పట్టుకోని చెప్పు. నువ్వు సల్లగా ఉండాల, నీ ఇల్లు సల్లగా ఉండాల... పో...