ఎలకల కట్ట

నీలవేణని ఒకత్తి, కొత్త కోడలు, జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పనికి జేరిందంట. ఆ షెడ్డులో మద్దినేళ బువ్వలు తినీసినాక ఈవిడతో కలిపి నలుగురు ఆడోళ్లు బొమ్మల ముక్కలాడీవోరు. పేకముక్కలు కావు బాబూ, పులి, గద్ద, బూతం, ఇలాటి బొమ్మలుంటాయి. ఎవుల కట్ట ఆలదే. నీకు నచ్చింది నానిస్తాను, నాకు నచ్చింది నువ్వియ్యి అని మార్చుకుని కట్ట తయారు సేసుకోవాల. పులిని తోలి ఎదటోళ్ల పేణం తీసినా గెలుపే, ఎదటోళ్ల కట్టలో ముక్కలైపోయి, తీద్దామంటే ఏటీ నేకపోయినా గెలుపే. ఆ కట్టని ఆలు నూకలు అనీవోరు. అది కాస్తా అయిపోతే, 'నీకు నూకలు సెల్లిపోనాయి' అని సప్పట్లు కొట్టాల. నవ్వకండి, ఆ మాటతోనే ఉంది కత.

ఏటైందంటే, నీలవేణి రెండు నెల్లు ఆడినా ఒక్కపాలి గెలవనేదు. ఒక్కాట గెలిస్తే సాలు, ఈలు నన్నూ ఒక మనిసిలాగ సూస్తారు అనుకుంది. అనుకుని ముక్కలన్నీ తిరగేస్తే ఎలక ముక్క కనపడినాది. ఎలకని దింపితే ఎదటోళ్లందరి కట్టల్లోంచీ మూడేసి ముక్కలు పారబొయ్యాల. దెబ్బ నేదు, యుద్దం నేదు, నూకలు తినీడమే! మరి ఇంత మంచి ముక్క ఎవులూ ఆడరేటి? బొమ్మ ముద్దుగుంది, ఇస్తావేటని అబద్దమాడి, ఆటలో ఉన్న ఢిల్లమ్మనడిగితే, 'ఎలకలా? డబ్బా అడుక్కి పడున్నాయి, తీసుకుపో, మేవాడం' అందంట. ఇంకొకత్తి తులసమ్మా అలాగే ఇచ్చీసింది. తొమ్మిది ఎలకలు పోగేసి, ఈలకి బుర్ర నేదు, నాకుంది అని మురిసిపోయింది నీలవేణి.

మర్నాడు కూకున్నారు. నాలుగో మనిసి అసిరమ్మప్ప. ఆలందరికీ ఆట నేర్పిందే ఆవిడ. కిడ్నీలు పాడైపోయి, వారానికి రెండుపాలు ఆస్పత్రికెళ్లి రక్తం కడిగించుకుని, మిగతా రోజులు పిక్కలు కొట్టుకుంటాది. నీలవేణి ఒక ఎలక దింపింది, ఇంకో ఎలక దింపింది, దింపుతానే ఉంది. ఢిల్లమ్మ కళ్లతోనే వొద్దే అని సైగ సేసింది. ఓడిపోతందని బయపడతంది అనుకుంది ఈవిడ. ఆకరికి అసిరమ్మ ముక్క తీద్దామని సెయ్యి సాపితే అక్కడ ఉత్త పీట. నీలవేణి లేసి నిలబడి, 'అప్పా! నీకు నూకలు సెల్లిపోనాయి!' అని షెడ్డంతా ఇనబడేలాగ అరిసి సప్పట్లు కొట్టిందంట.

కొట్టింది తనొక్కత్తే. తింటన్నోళ్లు కూడా సెయ్యాపీసినారు. ఢిల్లమ్మ మెల్లిగా, 'ఎలకలు ఆడ్డం మాకు సేతకాకనుకున్నావేటే?' అంది. అప్పుడు తగిలింది నీలవేణికి, తనేటన్నాదో, ఎవుల్నన్నాదో. మొకం కాలిపోయినాది. బూమి సీలితే దూరిపోదును అనిపించింది. అసిరమ్మొక్కత్తే నవ్వి, 'డాట్రుబాబు మూడు నెల్ల నుంచి నసుగుతన్నాడే అమ్మీ, నువ్వు ఒక్క మాటలో సెప్పీసినావు. కూకో. గెలిసినోళ్లే ముక్కలు కలపాల' అందంట. కలపబోతే నీలవేణి సేతుల్లోంచి ముక్కలన్నీ జారి కింద పడిపోనాయి. అసిరమ్మే వొంగి, ఆయాసపడతా ఏరింది. అది సూసి ఈ పిల్ల ఇంకా సితికిపోయింది. ఓడిపోయిన సిగ్గు రెండు నెల్లు మోసింది గానీ, గెలిసిన సిగ్గు ఒక్క పూట మొయ్యలేకపోయింది.

ఆట మానీనేదు. మానీడానికి అసిరమ్మ ఒప్పుకోనేదు. ఆ తరవాత ఆవిడ ఎన్నాళ్లు బతికిందీ అని అడుగుతారు గావాల. నాను సెప్పను. ఆ లెక్క ఒకత్తి ఒకపాలి అరిసి మరీ సెప్పింది, సాల్లేదేటి మీకు?