తల లేని దుంపలు

అయినవాళ్లందరికీ, కొండ ఊళ్ల నుంచి తెల్లవారకముందే బయల్దేరి వచ్చిన పెద్దలకూ నమస్కారం. ఇంతమందిమి ఈ షెడ్డులో కూర్చుని అక్క గురించి మాట్లాడుకుంటుంటే, మధ్యలో ఆవిడ అడ్డు తగలకపోవడం ఇదే మొదటిసారి. అదే తట్టుకోలేకపోతున్నాను.

నేను కాలేజీలో శిల్పకళ పాఠాలు చెప్పేదాన్ని; తోబుట్టువును కాకపోయినా అందరిలాగే ఆవిడను అక్కా అనేదాన్ని. అక్క తన తెగ తినే తిండిని మట్టితో చేసి కాల్చేది. అడవి దుంపలు, కాయలు, గింజలు. వాటిని బొమ్మలనాలా? జ్ఞాపకాలనాలా? పోట్లాట అనాలా? నాకు ఇప్పటికీ తేలలేదు.

మొదట్లో ఒక పెద్ద దుంప చేసి, ఊళ్లో ఉండే తన మేనత్తకు చూపించింది. మేమంతా ఆహా ఓహో అన్నాం. మేనత్త అటూ ఇటూ తిప్పి చూసి, "తల కూడా పీక్కొచ్చేశావేంటే? వచ్చే ఏడాది మన్ను తింటావా?" అంది. వాళ్లలో దుంప తవ్వినవారు తీగ ఉన్న తలను కోసి, మళ్లీ మొలవాలని అదే గుంటలో పూడ్చి వస్తారు. హాస్టళ్లలో పెరిగిన అక్క ఆ సంగతే మరిచింది. ఆవేళ ఆవిడ ముఖం చూడాలి! ఆ తర్వాత ఆవిడ చేసిన ఏ దుంపకూ తల లేదు.

అలాంటిదొకటి మ్యూజియంవారు కొన్నారు. పాపం, విరిగిందనుకుని చక్కగా తల చేసి అతికించారు! కింద పలక మీద 'ఒకప్పటి ఆదివాసుల ఆహారం' అని రాశారు. ప్రారంభోత్సవం రోజున అక్క అందరి ముందే, "ఒకప్పటిదేంటి బాబూ? పొద్దున అదే తిని బస్సెక్కాను" అంది. మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. తల ఊడదీసి, పలక మార్చేదాకా గుమ్మంలోంచి లేవలేదు.

ఇప్పుడు ఆ మ్యూజియంవారే, ఇక్కడ మిగిలినవాటికి ఒక గది ఇస్తామంటున్నారు. మంచి మనసుతోనే అడిగారు. ఇస్తే పగలకుండా ఉంటాయి. కానీ, పొద్దున తిని వచ్చానని చెప్పే మనిషి ఏది? అద్దాల వెనక అన్నీ మళ్లీ 'ఒకప్పటివి' అయిపోతే? ఇవ్వమనాలో వద్దనాలో తెలియక నేను నలుగుతుంటే, అక్క చెల్లెలు తేల్చేసింది: "ఇద్దాం టీచరమ్మా. అద్దాలు మాత్రం వద్దు. మావాళ్లు వెళ్లి చేత్తో పట్టుకుని చూడాలి, తప్పుంటే తిట్టాలి. తిట్లు పడకపోతే అక్కకి తోచదు."

ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. ఒప్పుకోకపోతే ఇవి ఈ షెడ్డు దాటవు.

ఇక లేద్దాం. అక్క చేసినవి మీ ముందే, నేల మీద ఉన్నాయి. ఎవరి దగ్గరున్నది వారు చేతిలోకి తీసుకోండి. ఆ బరువుతోనే, మాటల్లేకుండా కాసేపు నిలబడదాం.

వెనక కూర్చున్న మ్యూజియంవారు కూడా, దయచేసి.