జంజం నీళ్ల తెల్లబట్ట

1948 సెప్టెంబరు. పెద్దపల్లికి పోయే బాట పక్కన ఒక పోలీసు చౌకీ. దాని వెనుకే జవాను ఖయ్యూం ఇల్లు. లోపల పరదా చాటున మంచం పట్టిన అతని తల్లి ఉమ్రావ్ బేగం, వాకిట్లో చాకలి పోశం.

“ఒక్కటంటే ఒక్కటి లేదా పోశన్నా? తెల్లగ ఏదున్నా సరే. చేతిరుమాలైనా సరే.”

“యాడిది ఖయ్యూం సాబ్! మిల్ట్రీ వస్తుందని తెలిసినప్పటి సంది ఊరంత నా మీదనే పడ్డది. గడీ మీద దొర పంచెలు ఎగురుతున్నయ్. పట్వారి మంచం మీది దుప్పటి కట్టిండు. నా దోతి చింపి గాడిద మెడకు గుడ కట్టిన. గందుకే గిట్ల గోచి మీద నిలబడ్డ.”

“తెల్లబట్ట లేని చౌకీ కనబడితే అడుగుడు లేదట, కాల్చుడేనట.”

“మీ జమేదార్ యాడ?”

“నిన్ననే లుంగీ కట్టుకొని పోయిండు. ‘నేనొచ్చే దాక చౌకీ ఇడువకు’ అన్నడు.”

“వచ్చే మొకమేనా అది? హైదరబాద్ల సర్కారే చేతులెత్తె. నువ్వు గుడ ఉరుకు!”

“ఉరికితే అమ్మీని ఎవరు సూస్తరు? ... అమ్మీ! ఓ అమ్మీ! లేచున్నవా?”

“లేను. చచ్చిపోయిన. గీ శుక్రారం పోతనని చెప్తనే ఉన్న గద. దవా గివా తేకు.”

“దవా గాదు అమ్మీ. జర గా పెట్టె తాళం...”

“ఏ పెట్టె?”

“గదే... పెట్టె.”

“ఏ పెట్టెరా?”

“నీ కఫన్ పెట్టె.”

“తౌబా! తౌబా! మీ అబ్బా మక్కాల కొని, జంజం బాయి నీళ్లల్ల ముంచి, ఆరబెట్టి, ఓడల తల కింద పెట్టుకొని తెచ్చిన బట్ట! నేను చస్తే కప్పేటిది. సర్కార్ చస్తే కప్పేటిదా?”

“జరసేపు అమ్మీ! కట్టెకు కట్టి, ఆళ్లు పోంగనే ఇప్పేస్త.”

“మురికి గాదు బేగమమ్మా. అయితే గుడ నేను లేనా? రేవుల నాలుగు దెబ్బలేస్తే...”

“పోశం! నువ్వు ఉతికితే జంజం ఉంటదా? మానేరు నీళ్లతోని పోవాల్నా నేను అల్లా తానకు?”

“పోశన్నా, నువ్వు జర ఊకో. అమ్మీ, నన్ను కాల్చి పారేస్తరు.”

“అల్లా ఉన్నడు.”

“కాల్చినంక గా బట్ట నాకే కప్పుతవ్. అప్పుడిచ్చేటిది ఇప్పుడే ఇయ్యరాదు?”

“నోర్ముయ్! ... నా మెడల తాళంచెయ్యి ఉన్నది, తీస్కో. వజూ చేసి ముట్టుకో.”

“లారీల మోత ఇనబడుతుంది అమ్మీ!”

“కాళ్లుచేతులు కడుక్కోని ముట్టుకో అన్న. కింద తాకనియ్యకు.”

“కడుక్కున్న అమ్మీ. పోశన్నా, గా కట్టె ఇయ్యి!”

“పోశం, కట్టిండా?”

“కట్టిండమ్మా. మస్తు పొడుగున్నది, చౌకీ అంత కప్పుకుంటుంది. లారీలొచ్చినయ్. ఒకటి ఆగింది. పెద్ద మీసాల ఆఫీసర్ దిగిండు. ఏమంటుండు? నాకు గా బాస సమజైతలే.”

“నాకు సమజైతుంది. ‘ఎందరున్నరు’ అంటుండు. మావోడు ‘ఒక్కన్నే’ అంటుండు. ‘ఒక్కనికి గింత పెద్ద జెండానా’ అంటుండు.”

“నవ్వుతుండ్రమ్మా. నవ్వెటోళ్లు కాల్చరు.”

“ఎవరు చెప్పిండ్రు నీకు?”

“... ఎవరు చెప్పలే. సాబ్ తుపాకి తీసుకున్నరు. గొట్టం బోర్లిస్తే తుప్పు రాలింది. మల్ల నవ్వుతుండ్రు.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు... ఖయ్యూం సాబ్‌ను లారీ ఎక్కిస్తుండ్రు.”

“బట్ట?”

“బట్ట...”

“బట్ట ఏది పోశం?”

“గది గుడ ఎక్కిస్తుండ్రమ్మా. కట్టె సాబ్ చేతికే ఇచ్చిండ్రు. ఆఫీసర్ ఏందో వేలు చూపెడుతుండు.”

“‘తొవ్వ పొడుగూత గట్లనే పట్టుకో. దించితే ఎన్కొచ్చే లారీలోళ్లు కాలుస్తరు’ అంటుండు.”

“సాబ్ గుడ ఇటు మర్లి ఏందో ఒర్లుతుండు.”

“ఇంటున్న. ‘ఫికర్ చెయ్యకు అమ్మీ, కింద తాకనియ్య’ అంటుండు.”

“పోయినయమ్మా లారీలు. మలుపు కాడ తెల్లగ ఇంకా కనబడుతుంది... ఇగ కనబడ్తలే. బేగమమ్మా? ఏడుస్తున్నవా? ఇడిసిపెడ్తరమ్మా. ఆయన ఎవల జోలికి పోయిండని? అమ్మా, జవాబియ్యి. అమ్మా! నాకు భయమైతుంది!”

“పోశం.”

“ఆఁ?”

“మీ ఇంట్ల జావ ఉన్నదా?”

“జొన్న జావ ఉన్నది. మూడొద్దుల సంది నోట్లె ఏం పెడ్తలేవని సాబ్ ఏడ్సె గద?”

“ఓ ముంతెడు తీసుకరా. వచ్చెటప్పుడు హకీం తానకు పోయి దవా గుడ అడుగు. వాడు నా బట్ట తెచ్చే దాక చచ్చుడు బంద్.”